చిన్న రీఫ్ ట్యాంక్‌కి లైటు దేనికి బిగించాలి?

నా మొదటి రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీటిలో పగడాలు పెంచే తొట్టి, 45 సెం.మీ. క్యూబు. పైన ఫ్రేము లేని రిమ్‌లెస్ గాజు తొట్టి. దానికి ఒక గూస్‌నెక్ (ఎటైనా వంగే మెడ ఉన్న) క్లాంపు కొని, లైటును నీటికి 20 సెం.మీ. ఎత్తున నిలబెట్టాను. రెండు నెలలు గడిచాక, రాళ్ల పైన ఉన్న మాంటిపోరా పగడం తెల్లబడటం మొదలైంది. ఉప్పు సాంద్రత చూశాను, ఆల్కలినిటీ చూశాను, నైట్రేటు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా టెన్షన్ కొద్దీ నీళ్లు రెండుసార్లు మార్చాను. చివరికి ఒకరోజు ఊరికే స్కేలు పెట్టి కొలిస్తే లైటు 16 సెం.మీ. దగ్గర ఉంది. గూస్‌నెక్ మెడ రోజుకింత వంగుతూ వచ్చింది. రోజూ చూసే కంటికి అది తెలియలేదు.

పగడం నీటి కింద 8 సెం.మీ. లోతులో ఉండేది. అంటే లైటుకూ దానికీ మధ్య దూరం 28 నుంచి 24 సెం.మీ.కి తగ్గింది. దూరం వర్గానికి విలోమంగా కాంతి మారుతుందన్న బడి లెక్క ప్రకారం చూస్తే వెలుగు మూడో వంతుకు పైగా పెరిగినట్టు. ట్యాంకులో గాజు ప్రతిఫలనాలూ నీటి అలలూ ఉంటాయి కాబట్టి లెక్క అచ్చం అలాగే ఉండదు. కానీ పగడాన్ని తెల్లబరచడానికి ఆ మాత్రం చాలు.

అందుకే లైటు మౌంటు ఎంచుకునేవాళ్లు ఎవరు అడిగినా నేను చూడమనేవి రెండే. పెట్టిన చోట కదలకుండా ఉంటుందా? మనం కావాలనుకున్నప్పుడు సులువుగా కదులుతుందా? అందం ఆ తర్వాత సంగతి.

కొనే ముందు కొలవాల్సినవి

ముందు ఎత్తు తేల్చుకోండి. లైటు లెన్సు కోణం 120° అయితే, 20 సెం.మీ. ఎత్తు నుంచి నీటి మీద పడే వెలుగు దాదాపు 69 సెం.మీ. వెడల్పు పరుచుకుంటుంది. 45 సెం.మీ. ట్యాంకుకి అది మరీ ఎక్కువ. మిగిలిందంతా గోడ మీద, నేల మీద, ఎదురుగా కూర్చున్నవాళ్ల కళ్లలో పడుతుంది. అదే 90° లెన్సు అయితే 40 సెం.మీ. దగ్గర ఆగుతుంది. కాబట్టి కోణం పెద్దదైన లైటును కాస్త దించి వెలుగు తీవ్రత తగ్గించాలి, ఇరుకు కోణపు లైటును కాస్త ఎత్తాలి. చిన్న ట్యాంకుల్లో చాలామంది నీటికి 15 నుంచి 30 సెం.మీ. మధ్యలో ఎక్కడో స్థిరపడతారు.

ఏ పగడాలు పెంచుతారన్నది కూడా చూడాలి. పార్ (పగడాలకు పనికొచ్చే వెలుగు కొలత) లెక్కలో జోయాంథిడ్లు, మష్రూమ్‌ల లాంటి మెత్తటి పగడాలకు 50 నుంచి 100 సరిపోతుంది. ఎల్‌పీఎస్‌కి (పెద్ద పాలిప్‌లుండే గట్టి పగడాలకు) అటూ ఇటూగా 80 నుంచి 150, ఎస్‌పీఎస్‌కి (చిన్న పాలిప్‌లుండే గట్టి పగడాలకు) 200 నుంచి 350 అన్నది పెంపకందారుల్లో వాడుకలో ఉన్న అంచనా. ఈ రోజు మెత్తటి పగడాలతో మొదలుపెట్టినవాళ్లు ఏడాదిలో ఎస్‌పీఎస్ మీద మోజు పడటం మామూలే. అప్పుడు లైటు ఎత్తు మార్చాలి. ఎత్తు మార్చడానికి వీల్లేని మౌంటు అప్పుడు గుదిబండ అవుతుంది.

రెండోది మీ చెయ్యి. వారానికోసారి గాజు తుడవాలి, రాయి సర్దాలి, పడిపోయిన పగడం ముక్కను తీసి అంటించాలి. మోచేతి దాకా చెయ్యి లోపలికి వెళ్లాలి. లైటు 15 సెం.మీ. ఎత్తులో నడిమధ్య వేలాడుతుంటే తల దాని వెనక పెట్టాలో ముందు పెట్టాలో తెలియదు. తడి చెయ్యి లైటుకు తగులుతుంది, ఉప్పు నీళ్లు ఫ్యానులోకి చిమ్ముతాయి. పక్కకు జరిపే వీలో, పైకి లేపే వీలో ఉన్న మౌంటుకీ అది లేని మౌంటుకీ తేడా మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

చేపలు దూకకుండా పైన జాలీ వేస్తారా? ఫైర్‌ఫిష్, రాస్ లాంటి బయటికి దూకే చేపలుంటే తప్పనిసరిగా వేయాలి. అప్పుడు గాజు అంచు మీద కూర్చునే ఏ మౌంటు అయినా జాలీ ఫ్రేముకి అడ్డం వస్తుంది. ఈ సంగతి అంతా బిగించాక గుర్తొస్తే చిరాకే.

అంచుకు పట్టే క్లాంపులు, గూస్‌నెక్‌లు

దొరకడం తేలిక, బిగించడం పది నిమిషాల పని. ఏఐ ప్రైమ్, కెసిల్ లాంటి చిన్న లైట్లు వాడేవాళ్లలో చాలామంది ఇక్కడే మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే గాజు మీద పడే భారం లెక్క ఒకసారి వేసుకోవాలి.

లైటు బరువు 800 గ్రాములు, చెయ్యి పొడవు 25 సెం.మీ. అనుకుందాం. క్లాంపు గాజును పట్టుకునే లోతు 4 సెం.మీ. గడ్డపలుగుతో రాయి లేపినట్టే ఇదీను. అటు చివర 800 గ్రాములు వేలాడితే ఇటు క్లాంపు అంచు గాజు మీద 5 కిలోల ఒత్తిడి పెడుతుంది. అదే క్లాంపు 8 సెం.మీ. కిందికి దిగితే ఒత్తిడి రెండున్నర కిలోలకు తగ్గుతుంది. కాబట్టి రెండు క్లాంపుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, పట్టు లోతు ఎక్కువున్నదే తీసుకోండి. స్క్రూ చివర రబ్బరు గానీ సిలికోను గానీ మెత్త ఉండాలి. గాజు మూలల్లో, సిలికోను అతుకు దగ్గర బిగించకండి. 6 మి.మీ. గాజు తొట్టికి పొడుగు చెయ్యి క్లాంపు నేనైతే పెట్టను. 8 మి.మీ., అంతకు పైన అయితే కిలో లోపు లైటుకు ఫర్వాలేదు.

గూస్‌నెక్‌కీ, గట్టి లోహపు చెయ్యికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే గట్టి చెయ్యే. గూస్‌నెక్ ఎటు కావాలంటే అటు వంగుతుంది, అదే దాని గొప్ప, అదే దాని జబ్బు. వాడక తప్పదంటే పొట్టిది, లావుది తీసుకుని, మెడను పక్కకు కాకుండా వీలైనంత నిలువుగా పైకి లేపి, చివర మాత్రమే వంచండి. బరువు క్లాంపుకి దగ్గరగా ఉన్నంతసేపూ జారదు.

అంచుల మీద కాళ్లు మోపి నిలిచే మౌంట్ల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొడుగు పట్టీ లైట్లకు అవి బాగుంటాయి, బరువు రెండు వైపులా సమంగా పడుతుంది. కానీ ఎత్తు మారదు, జాలీ కుదరదు, చెయ్యి పెట్టాలంటే లైటు మొత్తం తీసి పక్కన పెట్టాలి. మెత్తటి పగడాలతో సరిపెట్టుకునేవాళ్లకు అవి చాలు.

పైకప్పు నుంచి వేలాడదీయడం

చూడటానికి దీన్ని మించింది లేదు. ట్యాంకు చుట్టూ ఏమీ ఉండదు, నాలుగు వైపుల నుంచీ చెయ్యి వెళ్తుంది, గాజు మీద గ్రాము బరువు పడదు. సన్నటి స్టీలు తీగలు, వాటి మీద నొక్కితే జారే గ్రిప్పర్లు ఉంటే ఎత్తు మార్చడం క్షణాల్లో పని.

ఇబ్బందులూ ఉన్నాయి. ట్యాంకు చోటు ముందే ఖాయం కావాలి. కొక్కేలు కొట్టాక ట్యాంకును పది సెంటీమీటర్లు జరపాలనిపిస్తే మళ్లీ డ్రిల్లు తీయాల్సిందే. జిప్సం ఫాల్స్ సీలింగుకి నేరుగా కొక్కెం కొట్టకూడదు. దాని వెనకున్న స్లాబుకో, దూలానికో, చట్రానికో పట్టించాలి. చిన్న చతురస్రపు లైటును ఒకే తీగకు కడితే ఫ్యాను గాలికే మెల్లగా తిరుగుతుంది. వెలుగు నీడలు రోజంతా పగడాల మీద అటూ ఇటూ జరుగుతుంటాయి. రెండు తీగలు వేస్తే తిరగదు, మూడు వేస్తే ఊగడం కూడా తగ్గుతుంది. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు ఈ పద్ధతి గురించి మరోసారి ఆలోచించండి.

గోడకు బిగించే బ్రాకెట్టు

గోడ దగ్గరగా ఉండి, మేకు కొట్టే హక్కు మీకుంటే ఇది నిక్షేపంలాంటి పద్ధతి. గోడకూ ట్యాంకుకూ మధ్య ఫిల్టరు కోసం 15 సెం.మీ. వదిలారనుకోండి, 45 సెం.మీ. ట్యాంకు నడిమధ్యకు ఇంకో 22. అంటే బ్రాకెట్టు 37 సెం.మీ. ముందుకు రావాలి. కిలో బరువుకి సరైన ప్లగ్గులు వేసిన ఇటుక గోడ లెక్కచేయదు. బోలు దిమ్మెల గోడకు, జిప్సం గోడకు వాటి కోసమే చేసిన ప్లగ్గులు వేయాలి. ఇటుక గోడకు వాడే ప్లగ్గు అక్కడ ఒక్క లాగుకి ఊడి వస్తుంది.

ఇక్కడ ఒక చిట్కా, దాంతోపాటు ఒక హెచ్చరిక. కంప్యూటర్ మానిటర్లకు వాడే మడత చేతుల్ని కొందరు లైటుకు వాడతారు. పక్కకు తిరుగుతుంది, లేస్తుంది, మడుచుకుంటుంది. చివర పలకకు 75 లేదా 100 మి.మీ. దూరంలో నాలుగు రంధ్రాలుంటాయి కాబట్టి లైటు అమర్చడమూ తేలికే. కానీ గ్యాస్ స్ప్రింగు ఉన్న చేతులు కొనకండి. అవి రెండు కిలోల పైన బరువు ఉంటుందన్న లెక్కతో చేసినవి, అరకిలో లైటు పెడితే చెయ్యి తనంతట తనే పైకి లేచిపోతుంది. మామూలు మరలతో బిగించే రకం తీసుకోండి.

స్టాండుకు బిగించే స్తంభం: నేను ఎంచుకున్నది

మూడేళ్లుగా నా లైటు గాజుకూ తగలదు, గోడకూ తగలదు. ట్యాంకు కింద ఉన్న స్టాండు వెనక వైపు నుంచి ఒక స్తంభం లేచి, పైన అడ్డంగా ముందుకు వస్తుంది. స్టాండు జరిగితే లైటూ దానితోపాటే జరుగుతుంది. ఇది రెండు రకాలుగా చేసుకోవచ్చు.

ఒకటి, వంచిన పైపు. ఎలక్ట్రీషియన్లు వాడే లోహపు కండ్యూట్ పైపు తెచ్చి, బెండరుతో వంచుతారు. బెండరు లేనివాళ్లు పైపులో పొడి ఇసుక దట్టించి, రెండు వైపులా మూసి, మోకాలికి ఆనించి కాకుండా ఏదైనా గుండ్రటి దిమ్మె చుట్టూ మెల్లగా వంచితే నొక్కు పడకుండా వస్తుంది. వంపు కొంచెం పెద్దదిగా ఉంటే చూడటానికీ బాగుంటుంది. ముందు చివరను ఒకటి రెండు డిగ్రీలు పైకి ఉంచండి, లైటు తగిలించాక అది మట్టానికి వస్తుంది. కోసిన అంచును ఆకురాయితో నున్నగా రాయాలి, లేకపోతే లోపలి నుంచి వెళ్లే వైరు పొర చీరుతుంది. పైపుతో వచ్చే పెద్ద లాభం ఒకటుంది. కింద దాన్ని ఒక గొట్టంలో కూర్చోబెడితే చెయ్యి మొత్తం గేటులా పక్కకు తిరుగుతుంది. ట్యాంకు శుభ్రం చేసేటప్పుడు అలా తోసేసి, అయ్యాక మళ్లీ తెచ్చుకోవచ్చు. దానంతట అది తిరగకుండా గొట్టానికీ పైపుకీ కలిపి ఒక రంధ్రం వేసి పిన్ను పెట్టండి. పిన్ను కూర్చుందంటే లైటు సరిగ్గా పాత చోటికే వచ్చినట్టు.

రెండోది, గాడి ఉన్న అల్యూమినియం పట్టీ. 20×20 మి.మీ. సైజు, దాన్నే 2020 అంటారు. త్రీడీ ప్రింటర్ల చట్రాలకు వాడేదే. గాడి 6 మి.మీ., అందులో జారే టీ నట్టు, ఎం5 బోల్టు. వంచడం అక్కర్లేదు, హ్యాక్సాతో కోసి ఎల్ ఆకారంలో కలిపితే సరి. లైటును ముందుకు వెనక్కు, పైకి కిందికి ఎక్కడ కావాలంటే అక్కడ జరిపి బిగించవచ్చు. నాది ఇదే. 40 సెం.మీ. అడ్డపట్టీ చివర కిలో లైటు ఉన్నా పట్టీ వంగడం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వంగేది ఎక్కడంటే మూల దగ్గర, స్తంభం స్టాండుకు కలిసే దగ్గర. అందుకని మూలలో ఒక్క బోల్టు చిన్న ఎల్ ముక్కతో సరిపెట్టకుండా, పక్కకు రెక్క ఉన్న పెద్ద బ్రాకెట్టు వేసి, ఒక్కో వైపు రెండేసి బోల్టులు బిగించండి. స్తంభాన్ని స్టాండుకు కనీసం రెండు చోట్ల, ఒకదానికొకటి వీలైనంత దూరంగా పట్టించండి. స్టాండు పార్టికల్ బోర్డుదైతే స్క్రూలు నమ్మకూడదు, కొన్నాళ్లకు పొట్టు రాలి వదులవుతాయి. బోర్డు ఇవతలి నుంచి అవతలికి బోల్టు వేసి, వెనక వెడల్పాటి వాషరుతో బిగించాలి.

ఈ రెండింట్లో ఏది? తరచూ చేతులు పెట్టేవాళ్లకు తిరిగే పైపు. ఎత్తు, స్థానం మార్చుతూ ప్రయోగాలు చేసేవాళ్లకు అల్యూమినియం పట్టీ. చూపుకి మాత్రం పైపే అందం, నా పట్టీని చూసినవాళ్లు ఫ్యాక్టరీ సామాను అనుకుంటారు.

ఉప్పు సంగతి

మంచినీటి ట్యాంకులో పనికొచ్చే చాలా సామాను ఇక్కడ పనికిరాదు. బుడగలు పగిలినప్పుడు లేచే తుంపర ఎండి, లైటు మీద, బోల్టుల మీద తెల్లగా ఉప్పు కట్టుకుంటుంది. ఇత్తడి, రాగి వస్తువులేవీ నీటి పైన ఉంచకండి. చిలుము పట్టి ఒక్క చుక్క కింద పడటం మొదలైతే రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ రాగి విషమే. జింకు పూత పూసిన పైపు, బోల్టు కూడా పూత లేచి నీటిలో పడితే అంతే ప్రమాదం, కాబట్టి పైపుకి పౌడర్ కోటింగు గానీ మంచి ఎపాక్సీ రంగు గానీ వేయించండి.

స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నంత మాత్రాన తుప్పు పట్టదని కాదు. 304 రకం మీద కొన్ని నెలల్లో గోధుమరంగు మచ్చలు వస్తాయి. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును అది చాలా బాగా తట్టుకుంటుంది. నీటి మీదుగా ఉండే నాలుగైదు బోల్టులకైనా 316 వాడండి. అల్యూమినియంలో స్టీలు బోల్టు బిగించి ఉప్పు తడి తగలనిస్తే రెండు లోహాల మధ్య చర్య జరిగి అల్యూమినియం తెల్లటి పొడిలా రాలిపోతుంది. మధ్యలో నైలాను వాషరు ఒకటి వేస్తే చాలావరకు ఆగుతుంది. కోసిన పట్టీ చివర్లకు ప్లాస్టిక్ మూతలు పెట్టండి, అక్కడ పైపూత ఉండదు.

లైటునూ మౌంటునూ కలిపే ముక్క

సొంతంగా చేసుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. ఒక కంపెనీ లైటు, ఇంకో రకం చెయ్యి, రంధ్రాలు కలవవు. 3 మి.మీ. అల్యూమినియం రేకు ముక్కను కొలిచి రంధ్రాలు వేస్తే తొంభై శాతం సమస్య తీరిపోతుంది. త్రీడీ ప్రింటు చేయించుకుంటే మాత్రం పీఎల్ఏ రకం ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, లైటు వెనక లోహం బాగా వేడెక్కుతుంది. పైగా ఎప్పుడూ బరువు మోస్తూ ఉంటే చల్లగా ఉన్నా మెల్లగా సాగుతుంది. పీఈటీజీ 80 దాకా ఆగుతుంది, ఏఎస్ఏ ఇంకా మేలు. ప్రింటు పొరలు బరువు లాగే దిశకు అడ్డంగా పేర్చినట్టు ఉండకూడదు, పొరలు విడిపోయేది అక్కడే.

ఏ ముక్క చేసినా లైటు ఫ్యాను గాలి పీల్చే చోటు, వదిలే చోటు మూయకండి. చక్కగా కనబడాలని పైన చెక్క పెట్టె కప్పి లైట్లు కాల్చుకున్నవాళ్లున్నారు.

వైరు లైటు నుంచి నేరుగా ప్లగ్గులోకి కాకుండా, ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది. అడాప్టరు ట్యాంకు కింద నేల మీద ఉండకూడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) లేని లైనుకు రీఫ్ ట్యాంకు పెట్టకపోవడమే మంచిది. మౌంటు ఎంత గట్టిదైనా, లైటుకి విడిగా ఇంకో సన్నటి స్టీలు తీగ కట్టి స్తంభానికి ముడివేయండి. ఒక బోల్టు వదులైనా లైటు నీళ్లలో పడదు.

ఎవరికి ఏది

ఇల్లు తరచూ మారేవాళ్లు, 30 సెం.మీ. లోపు ట్యాంకు, మెత్తటి పగడాలు: లోతుగా పట్టే గట్టి చెయ్యి క్లాంపు చాలు, డబ్బు దండగ వద్దు. నాలుగు వైపుల నుంచీ చూసేలా గది మధ్యలో పెట్టిన ట్యాంకుకి పైకప్పు తీగలే. గోడ సొంతమై, ట్యాంకు చోటు ఖాయమైతే గోడ బ్రాకెట్టు. మిగతా అందరికీ, ముఖ్యంగా ఎస్‌పీఎస్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు, స్టాండుకు బిగించిన స్తంభం. దానికి ఒక పూట పని ఎక్కువ పడుతుంది, అంతే.

ఏది ఎంచుకున్నా రంధ్రం వేసే ముందు ఒక వారం ఆగండి. పాటలు పాడేవాళ్లు వాడే మైకు స్టాండు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి, దాని అడ్డ చెయ్యికి లైటును గట్టిగా కట్టి, అనుకున్న ఎత్తులో ట్యాంకు మీదికి పెట్టండి. స్టాండు కాళ్ల మీద బరువు వేయడం మరవద్దు, లేకపోతే లైటుతో సహా నీళ్లలోకి ఒరుగుతుంది. ఆ వారంలో గాజు తుడవండి, సోఫాలో కూర్చుని చూడండి, రాత్రి నీలం వెలుగులో కంటికి ఎంత గుచ్చుతోందో గమనించండి. మూడు సెంటీమీటర్లు పైకో కిందికో మారుస్తారు, అది దాదాపు ఖాయం.

బిగించాక లైటు అడుగు నుంచి నీటి మట్టం దాకా కొలిచి, ఆ అంకెను స్తంభం మీద చిన్న టేపు అంటించి పెన్సిలుతో రాసిపెట్టండి. నా టేపు మీద 21 అని ఉంది. నీళ్లు మార్చిన ప్రతిసారీ స్కేలు తీసి చూస్తాను.